వెలుపల నిలిచిన అన్న: లూకా సువార్తయందలి ఒక విందుకథ

లూకా సువార్త పదునైదవ అధ్యాయమునందు మూడు కథలు కలవు. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయినది. పది నాణెములలో ఒకటి పోయినది. ఇద్దరు కుమారులలో ఒకడు ఆస్తి పంచుకొని దూరదేశమునకు పోయినాడు. పోయిన మూడును దొరకినవి. మూడుచోట్లను సంతోషము కలిగినది. వీనిలో మూడవదానికి 'తప్పిపోయిన కుమారుడు' అను పేరు లోకమున స్థిరపడినది. ఈ పేరు కథలో సగమునకే చెల్లునని మా తలంపు. చిన్నవాడు తిరిగివచ్చి, తండ్రి కౌగిట చేరి, విందు ప్రారంభమైన పిమ్మట కథ ముగియలేదు. పొలమునుండి వచ్చిన పెద్దవాడు ఇంటిలోనికి పోనొల్లక వెలుపల నిలిచిపోయినాడు. తండ్రి వానితో మాటాడుచుండగనే కథకుడు కలము దించినాడు. ఆ సగమును గూర్చియే ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది గ్రంథము కాదు. కొన్ని యేండ్ల క్రిందట గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో, మా సహాధ్యాయి యొకరు క్రొత్తయిల్లు కట్టుకొని ప్రార్థనకూడిక ఏర్పాటు చేసిరి. అన్నదమ్ములు, ఆడపడుచులు, వారి పిల్లలు హైదరాబాదునుండియు విజయవాడనుండియు దిగిరి. కీర్తనలు పాడిరి. సంఘపెద్ద యొకరు ఈ అధ్యాయమును చదివి నాలుగు మాటలు చెప్పిరి. పందిరిలో విస్తళ్లు వేయుచుండగా, ఇంటి యజమానికి పెత్తల్లి వరుసైన ముసలమ్మ ఆ పెద్దను నిలువేసి, "అయితే అయ్యా, ఆ పెద్దోడు బువ్వకి లోపలికొచ్చాడా, రాలేదా?" అని అడిగినది. "అది పుస్తకంలో లేదమ్మా" అని ఆయన సమాధానము. "అదేందయ్యా, అసలు సంగతి అదే గదా!" అని ఆమె సణుగుకొనుచు పోయి కూర్చున్నది. అలంకారశాస్త్రము నెఱుగని ఆ వృద్ధురాలు కథకు కీలకమైన చోటును వ్రేలుపెట్టి చూపినదని మాకు తోచినది.

బైబిలు తెలుగునకు మన సాహిత్యచరిత్రలలో గౌరవము తక్కువ. దానిని 'పాదిరీల తెలుగు' అని తీసివేయుట పరిపాటి. 1805లో విశాఖపట్టణము చేరిన డెస్ గ్రాంజెస్, క్రాన్ అను లండను మిషనరీలు ఆరంభించిన కృషి, ఆనందరాయరు అను తెలుగుదేశపు పండితుని సాయముతో సాగి, 1812లో శ్రీరాంపురమున మూడు సువార్తలుగా అచ్చయ్యెను. నాటినుండి ఎన్నియో దిద్దుబాట్లు జరిగినవి. నేటికిని సంఘములలో విరివిగా చదువబడునట్టి బైబిలు సొసైటీవారి పాత అనువాదము ఆ పరంపరలోనిది. అది దోషరహితమని మేమనము. తండ్రి పరుగెత్తిపోయి కుమారుని 'మెడమీద పడెను' అనుట గ్రీకు నుడికారమునకు నీడయే కాని తెలుగు కాదు. తెలుగు తండ్రి కుమారుని అక్కున జేర్చుకొనును, మెడమీద పడడు. ఇట్టివి ఏఱదలచినవారికి బుట్టెడు దొరకును. అయినను ఈ కథలోనే అనువాదకుల తెలుగు, మూలభాష చెప్పజాలని కొన్ని సంగతులను చెప్పినది. చదువరులు ఓపికతో పరిశీలింపవలెనని కోరుచున్నాము.

మొదట అధ్యాయమునకు నాందియైన సందర్భమును చూడవలెను. సుంకరులును పాపులని పేరుపడినవారును యేసు మాటలు వినవచ్చుచుండగా పరిసయ్యులు, శాస్త్రులు సణుగుకొనిరి. వారి ఆక్షేపణ ఆయన బోధపై కాదు. ఇట్టివారిని చేర్చుకొని వారితో కలసి భుజించుచున్నాడే యని. అనగా మూడు కథలును ఒక పంక్తిభోజనమును గూర్చిన వివాదమునకు సమాధానములు. ఈ సంగతి పాశ్చాత్య వ్యాఖ్యాతలు యూదుల ఆచారములు వివరించి, ఆధారములు చూపి తమ పాఠకులకు బోధపఱుపవలసియున్నది. తెలుగువానికి ఆ శ్రమ లేదు. 'పంక్తిబాహ్యుడు' అను మాట మన భాషలో ఎంతటి తీవ్రమైన నిందయో ఎఱుగనివాడెవడు? ఎవని ప్రక్కన ఎవడు కూర్చుండి తినవచ్చును అను ప్రశ్నపై కులములు చీలినవి, ఊళ్లు చీలినవి, పెండ్లిళ్లు ఆగినవి. లూకా ఈ ప్రశ్నను గ్రంథమంతటను విడువలేదు. లేవి అను సుంకరి యింటి విందు, సీమోను అను పరిసయ్యుని భోజనశాలలోనికి పిలువని పేరంటముగా వచ్చిన స్త్రీ, మార్త మరియల యిల్లు, జక్కయ యిల్లు, కడరాత్రి భోజనము, పునరుత్థానమైన పిమ్మట ఎమ్మాయు గ్రామములో రొట్టె విఱిచినప్పుడు గాని శిష్యులు ఆయనను గుర్తింపకపోవుట: ఇన్నిచోట్ల భోజనము కథను నడపినది.

ఇక సంతోషము మాట. గొఱ్ఱె దొరకిన కాపరి దానిని భుజములపై వేసికొని ఇంటికి వచ్చి ఊరకుండలేదు. స్నేహితులను, పొరుగువారిని పిలిచినాడు. నాణెము దొరకిన స్త్రీయు అట్లే చేసినది. మూలమున కాపరి పిలిచినవారు పురుషవాచకమునను, స్త్రీ పిలిచినవారు స్త్రీవాచకమునను ఉన్నారు. తెలుగున ఆ స్త్రీ పిలిచినది 'చెలికత్తెల'ను. ఆ నాణెము ఒక దినపు కూలి వెలగలది. చెలికత్తెలకు పెట్టిన ఫలాహారమునకు అంతకంటె ఎక్కువయే అయియుండునని లెక్కలు చూచువారు నవ్వవచ్చును. ఆ లెక్క లేకపోవుటయే ఇచ్చటి సంగతి. దొరకిన వస్తువు విలువకును కలిగిన సంతోషమునకును పొంతన లేదు; ఒంటరిగా అనుభవించిన సంతోషము ఆ కాపరికిని ఆ స్త్రీకిని చాలలేదు. ఇద్దరును పొరుగువారిని పిలిచి కోరినది 'నాతో కూడ' సంతోషింపుడనియే. గ్రీకులో ఈ అర్థము క్రియకు ముందు చేరిన యొక ఉపసర్గలో ఇమిడియున్నది. తెలుగువారు దానిని విప్పి 'నాతో కూడ' అని రెండు మాటలు చేసిరి. ఈ రెండు మాటలను చదువరులు గుర్తుంచుకొందురు గాక.

మూడవ కథలోనికి వచ్చునప్పటికి ఒక లోపము కనబడుచున్నది. కాపరి నూఱింటిని లెక్కించినాడు. స్త్రీ పదింటిని లెక్కించినది. ఇద్దరే కుమారులున్న తండ్రి లెక్క తప్పినాడు. ఈ సంగతిని 2014లో వెలువడిన యేసు ఉపమానములపై గ్రంథమునందు ఏమీ-జిల్ లెవీన్ అను యూదు విదుషీమణి ఎత్తిచూపినది. తండ్రి నిజముగా పోగొట్టుకొన్నవాడు పెద్దవాడేయనియు, పోగొట్టుకొన్నట్లు ఆయనకు చాల ఆలస్యముగా తెలిసినదనియు ఆమె వాదము. మాకు ఇది బహుమాన్యముగా తోచినది. దీనికి మేము చేర్చునది ఒక్కటి. వానికి పిలుపు రాలేదు. క్రొవ్విన దూడను కోసిరి, వాద్యములు మ్రోగుచున్నవి, నాట్యము జరుగుచున్నది. పొలమునకు ఒక మనిషిని పంపి 'మీ తమ్ముడు వచ్చినాడు, రమ్ము' అని చెప్పించినవారు లేరు. ఇంటి సంగతి ఇంటి పెద్దకొడుకు దాసునివలన వినవలసి వచ్చినది.

పిలుపునకు మన కుటుంబములలో గల స్థానము ఎఱిగినవారికి ఆ పెద్దవాని కోపము కేవలము అసూయగా కనబడదు. శుభకార్యమునకు ముందుగా ఎవరిని పిలిచిరి, ఎవరు పోయి పిలిచిరి, బొట్టు పెట్టి పిలిచిరా, కబురంపిరా అను వానిపై ఏండ్ల తరబడి రాకపోకలు మానుకొన్న అన్నదమ్ములను మేమెఱుగుదుము. ఇది కోపము కాదు, అలుక. రెంటికిని భేదము కలదు. కోపము పగవానిపైనను వచ్చును. అలుక తనవారిపైననే సాగును. నంది తిమ్మన పారిజాతాపహరణములో సత్యభామ అలుక కావ్యమునంతటిని నడపినది. ఆ యలుకకు బలము శ్రీకృష్ణునిపై ఆమెకు గల చనువు. తనది కాని యింటి వాకిట నిలిచి ఎవ్వడును అలుగడు. పెద్దకుమారుడు లోనికి పోనొల్లకపోవుట, అది తన యిల్లని వానికి తెలిసినందువలననే. తండ్రియు ఆజ్ఞాపింపలేదు. వెలుపలికి వచ్చి బతిమాలుకొనెను. 'బతిమాలుకొనుట' అను ఆ యింటిమాటను అచ్చట వేసిన అనువాదకుడెవరో గాని తెలుగు సంసారములెఱిగినవాడు. గౌరవముగల గృహస్థు అతిథులను పంక్తిలో విడిచి, వాకిట నిలిచి కొడుకును బతిమాలుకొనుచున్నాడు. చిన్నవానికై పరుగెత్తినవాడు పెద్దవానికై బయటికి నడచినాడు. ఈ రెండవ నడక మొదటి పరుగుకంటె కష్టమైనదని మా అభిప్రాయము.

ఆస్తిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 1976లో వెలువడిన గ్రంథమున కెన్నెత్ బెయిలీ అను పండితుడు, తండ్రి బ్రదికియుండగా కుమారుడు భాగమడుగుట ఆయన చావు కోరుటతో సమానమని పశ్చిమాసియా గ్రామాచారములను బట్టి వ్రాసెను. ఈ వ్యాఖ్య మన ప్రసంగీకులును గ్రహించి చెప్పుచుందురు. తెలుగు శ్రోతకు ఇది అంతగా పట్టదు. మితాక్షర ననుసరించి పైతృకద్రవ్యమున కుమారునకు పుట్టుకతోడనే స్వత్వము కలదు. తండ్రి జీవించియుండగనే విభాగము కోరవచ్చును. పదుమూడవ శతాబ్దమునందు మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమును తెనిగించిన నాటికే ఈ ధర్మము తెలుగుపద్యమున కెక్కినది. వేరుపడుట మన పల్లెలలో దుఃఖకరమే కాని ఘోరపాపము కాదు. మన శ్రోతకు అసలు చిక్కు మఱియొకటి. వేరుపడినవాడు తన భాగము తినివేసి తిరిగివచ్చినాడు. విభక్తులు మరల కలియుటను మన స్మృతికారులు 'సంసృష్టి' యనిరి. దానిపై వివాదములు పెక్కు. యూదుల ధర్మశాస్త్రమునుబట్టి జ్యేష్ఠునకు రెండు పాళ్లు. తండ్రి ఆస్తిని ఇద్దరకును పంచిపెట్టెనని కథ స్పష్టముగా చెప్పినది. కావున మిగిలినదంతయు న్యాయముగా పెద్దవానికి చెందవలసినదే. కోయబడిన దూడ ఆ మిగిలినదానిలోనిది. తనదంతయు అతనిదేయని తండ్రి పలికిన మాట వట్టి ఓదార్పు కాదు, లెక్కకు నిలుచునట్టి సత్యము. లెక్క సరిగా నున్నచోట కూడ పంక్తి సరిగా లేకపోవుట యిచ్చటి బాధ.

దూడ మాట వచ్చినది కనుక, ఆ దూడ తెలుగుదేశమున ఎందఱి చెవులకో ముల్లువలె తగులుననియు ఒప్పుకొనవలెను. అనువాదకులు దానిని మార్చక యుంచిరి. మంచిపని చేసిరి. పరదేశపు విందును పరదేశపు విందుగనే వడ్డింపవలెను.

పెద్దవాని సంభాషణము శిల్పదృష్టితో చూడదగినది. చిన్నవాడు భాగమడిగినప్పుడును 'తండ్రీ' అనినాడు. పందులు మేపుచు ఆకలితో తలపోసినప్పుడును 'తండ్రీ' అనుకొన్నాడు. తిరిగివచ్చి తప్పు ఒప్పుకొన్నప్పుడును ఆ మాట విడువలేదు. ఇంటనే యున్న పెద్దవాడు ఒక్కసారియు తండ్రిని సంబోధింపలేదు. తాను ఇన్ని యేండ్లు చేసిన చాకిరిని లెక్కించినాడు. తమ్ముని పేరెత్తలేదు, 'తమ్ముడు' అనలేదు, తండ్రివైపు నెట్టి 'నీ కుమారుడు' అనినాడు. వేశ్యల మాట తెచ్చినవాడును వీడే. కథకుడు చిన్నవాని దుర్వ్యాపారమును చెప్పెనే కాని వేశ్యలని చెప్పలేదు. తమ్ముని ముఖము కూడ చూడని అన్నకు ఆ వివరము ఎచ్చటనుండి వచ్చినది? మనస్సులో పెట్టుకొని పెంచినదే అయియుండును. కడపట వాని మొర వినుడు. స్నేహితులతో సంతోషపడుటకు తనకు ఒక మేకపిల్లయైనను ఈయలేదట! వాడు కోరిన సంతోషమున తండ్రి లేడు, తమ్ముడు లేడు, ఇల్లు లేదు. దూరదేశమునకు పోయినవాడు ఏ సంతోషమును వెదకెనో పొలమున నున్నవాడును దానినే కలగనుచుండెను. ఒకడు పోయి చూచినాడు, ఒకడు పోలేక యున్నాడు.

ఇద్దరును తండ్రిని యజమానుగనే భావించిరి. చిన్నవాడు కూలివాండ్రలో ఒకడుగా చేర్చుకొమ్మని అడుగ నిశ్చయించుకొని వచ్చినాడు. ఆ మాట నోటికి రాకముందే తండ్రి వస్త్రము, ఉంగరము, చెప్పులు తెమ్మనెను. పెద్దవాడు తాను దాసునివలె పాటుపడితిననుకొన్నాడు. దానికి తండ్రి చెప్పిన సమాధానము జీతమును గూర్చినది కాదు. నీవు ఎల్లప్పుడును 'నాతో కూడ' ఉన్నావు. కాపరియు, నాణెము పోయిన స్త్రీయు పొరుగువారితో పలికిన రెండు మాటలే ఇచ్చట మూడవమాఱు పలుకబడినవి. మూలమున మొదటి రెండుచోట్ల ఉపసర్గము, మూడవచోట వేఱొక పదము; ఆ పోలిక గ్రీకు పాఠకుని చెవికి ఇంత స్పష్టముగా తగులదు. తెలుగున మూడు కథలకును ఒకే సూత్రము కుదిరినది. బుద్ధిపూర్వకముగా చేసిరో, భాష తానై చేసినదో నిర్ణయింప నవసరము లేదు. పొరుగువారు వచ్చి పొందు సంతోషము ఈ పెద్దవానికి దినదినమును ఇంటనే యుండెను. వాడు దానిని చాకిరిగా ఎంచినాడు.

'తమ్ముడు' అను పదము సంగతియు ఇట్టిదే. గ్రీకు భాషలో సోదరునకు ఒకటే మాట. పెద్దయో చిన్నయో సందర్భము చెప్పవలెను. తెలుగున తటస్థమైన సోదరపదము ఇంటివాడుకలో లేదు. అన్నయో తమ్ముడో ఏదో యొకటి అనితీరవలెను. అందుచే దాసుడు 'నీ తమ్ముడు' అనుచున్నాడు. అన్న దానిని 'నీ కుమారుడు' అని త్రిప్పివేసినాడు. తండ్రి మరల 'నీ తమ్ముడు' అని వాని చేతిలో పెట్టినాడు. తమ్ముడనగానే తెలుగున అన్నకు ఒక బాధ్యత మీదపడును. తండ్రి తరువాత తండ్రివంటివాడు అన్న. ఆ వరుస తమ్ముని యోగ్యతనుబట్టి పుట్టినది కాదు, యోగ్యత పోయినప్పుడు తెగునదియు కాదు. మూలములో లేని ఈ బరువు అనువాదములో చేరినది.

లూకాను కుటుంబస్తోత్రము వ్రాసినవానిగా మేము చిత్రించుచున్నామని ఎవరైన తలంతురేమో. అది నిజము కాదు. పదునాలుగవ అధ్యాయముననే విందు చేయువాడు బంధువులను ధనికులైన పొరుగువారిని కాక బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువవలెనని యేసు చెప్పినాడు. తనను వెంబడింపగోరువాడు తల్లిదండ్రులను ద్వేషింపవలెనను కఠినవాక్యమును ఆ అధ్యాయమందే కలదు. తన తల్లియు సహోదరులును వచ్చి వెలుపల నిలిచినప్పుడు, దేవుని వాక్యము విని చేయువారే తనకు తల్లియు సహోదరులు ననెను. కావున ఈ గ్రంథమున కుటుంబము ఒక కోట కాదు. ఎవరు లోపలివారు, ఎవరు వెలుపలివారు అను లెక్క అచ్చట ఎడతెగక మాఱుచుండును. తెలుగు క్రైస్తవ గృహములలో ప్రార్థనకూడిక, ఆదరణకూడిక, ప్రేమవిందు అని పేరులతో జరుగు సమావేశములకు బలము ఇచ్చటనే యున్నది. వాని పరీక్షయు ఇచ్చటనే. బంధువులు కలిసినంతమాత్రమున ప్రేమవిందు కాదు. కులభేదము సంఘములలో సమసిపోలేదని అందఱును ఎఱిగినదే. 'ప్రేమవిందు' అను చక్కని సమాసమును కల్పించుకొన్నవారు దాని పంక్తిని ఎంతవఱకు సాగదీసిరో వారే చెప్పవలెను.

గుఱ్ఱము జాషువ ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నాడు. క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానమందిన కవి యని కాదు, 1941లో గబ్బిలము వ్రాసినవాడగుటచే. అందలి నాయకుడు దేవాలయద్వారము దాటరానివాడు. తన మొరను శివునకు గబ్బిలముచేత చెప్పి పంపుకొన్నాడు. వానిని వెలుపల నిలిపినవారు ఇతరులు. లూకా కథలోని అన్నను వెలుపల నిలిపినవాడు తానే. ఈ రెండు వాకిళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, పరిసయ్యులకు ఈ కథ చెప్పుటలో గల నేర్పు తెలియును. పంక్తిలో ఎవరిని కూర్చుండనీయరాదని వాదించుచున్నవారు, ఆ వాదము వలననే పంక్తిబాహ్యులై వాకిట నున్నారు. వారిని ఆయన నిందింపలేదు. తండ్రిచేత వారిని బతిమాలించినాడు.

డచ్చి చిత్రకారుడైన రెంబ్రాంట్ తన కడపటి దినములలో ఈ కథను చిత్రించెను. ఆ చిత్రము రష్యాలోని హెర్మిటేజ్ సంగ్రహాలయమున నున్నది. పెద్దకుమారుడని పలువురు గుర్తించిన వ్యక్తి అందు కుడిప్రక్క నిటారుగ నిలిచి తండ్రి తమ్ముని కౌగిలించుకొనుటను చూచుచుండును. కథలో వాడు దానిని చూడనేలేదు. చిత్రకారునకు ఆ స్వాతంత్ర్యము కలదు. కాని అన్న ఆ కౌగిలిని చూచియుండిన ఇంత అలుక నిలిచెడిది కాదేమో యని మా సందేహము.

ముసలమ్మ ప్రశ్న అట్లేయున్నది. పెద్దోడు బువ్వకు వచ్చినాడా? కథ చెప్పలేదు, ఎదుట నిలిచి వినుచున్న పరిసయ్యులు చెప్పవలెను కనుక చెప్పలేదు. అయినను తండ్రి కడపటి వాక్యమున ఒక చిన్న సంగతి కలదు. సంతోషపడుట యుక్తమనునప్పుడు గ్రీకులో ఎవరు సంతోషపడవలెనో కర్తృపదము లేదు. తెలుగువారు కర్తను చేర్పక వాక్యము నడపలేకపోయిరి. చేర్చునప్పుడు వారి ముందు రెండు మాటలున్నవి: 'మేము', 'మనము'. ఈ భేదము గ్రీకునకు లేదు, ఇంగ్లీషునకు లేదు. పంక్తిలో కూర్చున్నవారి పక్షమున తండ్రి పలికెననుకొన్నచో 'మేము' అనుటయు వ్యాకరణరీత్యా తప్పు కాదు. వాకిట నిలిచి, లోనికి రానని అలిగినవానితో మాటాడుచు ఆ తండ్రి తెలుగున 'మనము' అనినాడు.